తోడు వచ్చేవారి పేరు

ఆగస్టు 3, ఆదివారం
ఆబిడ్స్‌లో పాత పుస్తకాల ఫుట్‌పాత్ మీద గంటసేపు వాక్యం చెప్పాను. నరకం గురించి గట్టిగానే చెప్పాను. ఒక్కతే నిలబడి విన్నది. పేరు మృదుల, యూనివర్సిటీలో రీసెర్చ్. వచ్చింది మారుమనస్సు కోసం కాదు. దవాఖానలో చీటీ ఇచ్చే మెషీన్ తయారు చేస్తున్నారట, నాలాంటి పెద్దవాళ్లు దాన్ని ఎలా వాడతారో చూడాలట. ఏడో తరగతితో బడి మానేసి గ్రంథమంతా సొంతంగా చదివినవాణ్ణి, మెషీన్ ఎంత అన్నాను. కుడి కన్ను సంగతి చెప్పలేదు.

ఆగస్టు 5
కంటి దవాఖానకు వెళ్లాను. శుక్లం ముదిరిందట. తోడు మనిషి లేనిదే ఆపరేషన్ చెయ్యమని మూడోసారి తిప్పి పంపారు. వచనాలు అలుక్కుపోతున్నాయి. చదవలేకపోతే నేనింకేం చెప్పను, ఎవరికి?

ఆగస్టు 7, మధ్యాహ్నం
బషీర్‌బాగ్‌లో వాళ్ల ల్యాబ్‌కు వెళ్లాను. రూలు ఒకటే: మెషీన్ వాడుతూ మనసులో ఏది వస్తే అది పైకి అంటూ ఉండాలి. మృదుల జవాబివ్వదు, రాసుకుంటుంది. కళ్లు మూసుకుని ప్రార్థనతో మొదలుపెట్టాను. స్క్రీన్ చూడమంది. టిమోతి. అరవై నాలుగు. నా ఫోన్ నంబరు. బటన్ దొరక్కపోతే మెషీన్‌ను గద్దించాను, బాబెలు గోపురమన్నాను. అదీ రాసుకుంది. నా ప్రసంగం ఇంతవరకు ఎవరూ ఒక్క ముక్క రాసుకోలేదు.

తర్వాత 'తోడు వచ్చేవారి పేరు' అని వచ్చింది. ఖాళీగా వదిలితే ముందుకు పోదు.

పైకి చెప్పండి అంకుల్ అంది. మళ్లీ అంది.

యేసు అని కొట్టాను. మెషీన్ ఒప్పుకుంది. ఆయన నంబరు అడిగింది, పది అంకెలు. ఆజ్ఞలైతే పదీ చెప్పేవాణ్ణి. నాకు నోటికొచ్చిన ఇంకో నంబరు నా భార్య సుగుణమణిది. ఆమె పోయి మూడేళ్లు. అదే కొట్టాను.

మెసేజ్ పంపాము అని వచ్చింది. ఉత్తదే కదా అని అడిగాను. మృదుల ముఖం మాడిపోయింది. టెస్టింగ్‌లో మెసేజ్‌లు ఆపాలట, ఆపడం మరిచారట. మూడుసార్లు సారీ చెప్పింది.

ఆగస్టు 8
ఫోన్ వైపు చూడలేదు. చూశాను.

ఆగస్టు 9, ఉదయం
ఫోన్ మోగింది. తెర మీద 'సుగుణ'.

లాజరు లేచిన సంగతి వందసార్లు చెప్పినవాణ్ణి, ఎత్తడానికి భయపడ్డాను. ఎత్తితే మగ గొంతు. బేగం బజార్‌లో మిరపకాయల దుకాణం, వెంకటేశం. ఆ నంబరు రెండేళ్లుగా అతనిదట.

"అన్నా, నువ్వు దవాఖానల ఉన్నవంట, తోడు నేనంట. మెసేజ్ గిప్పుడే చూసిన, నీ నంబర్ అండ్లనే ఉన్నది. పేరు యేసు అని వెట్టిన్రు, నేనైతే వెంకటేశం. ఏ దవాఖానో చెప్పు, దుకాణం జర బందువెట్టి వస్త."

పొరపాటు జరిగిందని చెప్పాను. సరే అన్నాడు గాని ఫోన్ పెట్టలేదు. మరి నీ తోడు ఎవరున్నరే అని అడిగాడు.

మనసులో వచ్చింది పైకి చెప్పాలి. చెప్పాను.

ఆగస్టు 14
కంటికి కట్టు. తడుముతూ రాస్తున్నాను. ఫారంలో ఆ గడి వెంకటేశమే నింపాడు. నాంపల్లిలో నా గది దాకా వచ్చి దింపిపోయాడు.

ఫోన్‌లో పేరు మార్చలేదు. ట్యాబ్లెట్ వేసుకున్నానా అని సాయంత్రం సుగుణ రెండుసార్లు చేసింది.