నా మంచం మేడెక్కించు

ఒరే పెద్దాడా, నేను కులాసా.

నా మంచం మేడ మీంచి కిందికి దింపించావని నీ చెల్లెలు చెప్పింది. ఎవర్నడిగి దింపావు? మోకాలు బాగుచేసుకుందామని నెల్లాళ్లు కూతురింటికొస్తే, ఈలోగా నన్ను మూల కూర్చోబెడతావా? నిన్న వ్యాయామం చేయించే అమ్మాయి, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేవమంది. పద్నాలుగుసార్లు లేచాను. "ఇక చాలు మామ్మగారూ, చూస్తుంటే నాకే ఆయాసమొస్తోంది" అంది. మన ఇంటి పద్దెనిమిది మెట్లూ ఇన్నేళ్లు ఎక్కబట్టే ఈ కాళ్లు ఇంకా నా మాట వింటున్నాయి. నువ్వే వినడం లేదు.

వంటింటి కుళాయి కారడం ఆగిందా? కోడలి దగ్గు తగ్గిందా? ఆదివారం వస్తున్నాను. ఈలోగా మంచం పైకి చేర్చు. నీకు నడుం పట్టేస్తుందనుకుంటే మెట్ల దగ్గరే ఉంచు, ఒక కొస నేను పడతాను.

కోడలికీ పిల్లలకీ నా దీవెనలు. నీకు మాత్రం మంచం పైకెక్కాకే.

అమ్మ