పచ్‌మఢీ నుంచి వీరమ్మవ్వను దించుకొచ్చిన సంగతి

నాగపూరు,
శనివారం

ప్రియమైన అన్న యాకోబుకు నీ చెల్లెలు రూతమ్మ ప్రేమతో రాస్తున్నది. దేవుని దయవల్ల నేనిక్కడ బాగానే ఉన్నాను. అమ్మ, నువ్వు, వదిన, పిల్లలు అందరూ బాగున్నారని తలుస్తాను. బేతంచెర్ల గనిలో రాళ్ళ దుమ్ముకు నీ దగ్గు ఎక్కువైందని వదిన రాయించింది. నోటికి తడిగుడ్డ కట్టుకోమని పోయిన ఉత్తరంలోనే రాశాను. తోటివాళ్ళు నవ్వుతారని నువ్వు మానేసి ఉంటావు. నవ్వనీ.

మూడు వారాలుగా ఉత్తరం లేదని అమ్మ బెంగపెట్టుకుని ఉంటుంది. నాకేమీ కాలేదని చెప్పు, నేను బాగానే ఉన్నాను. పచ్‌మఢీ అనే కొండ మీదికి పోయి వచ్చాను, అంతే. ఎండాకాలం వస్తే ఈ ప్రాంతంలో డబ్బున్నవాళ్ళంతా ఆ కొండెక్కుతారు. దాని గొప్ప ఇక్కడ ఎవరినడిగినా చెప్తారు. నేను చూసింది చూసినట్టు రాస్తాను.

మా ఆసుపత్రికి ఉబ్బసంతో ఒక ముసలామె వచ్చేది. పేరు వీరమ్మ, పుట్టింది రాయచోటి పక్క పల్లెలో. కొడుకు ఇక్కడ పెద్ద ఆఫీసరు. ఆ ఇంట్లో కోడలికీ మనవరాళ్ళకూ హిందీ, ఇంగ్లీషు తప్ప నోట రావు. ఇంటికొచ్చినవాళ్ళు అవ్వ మాట వింటే నామోషీ అని ఆమెను వెనక గదిలో ఉంచారు. నా నోట మన మాట విన్న రోజు ఆమె నా చేయి పట్టుకుని వదల్లేదు.

"యా ఊరు పాపా నీది? కర్నూలు పక్కా? మన మాట ఇని ఎన్ని దినాలాయనో," అంది. ఆ రోజు నుంచి ఆమె నాకు అవ్వ.

వేసవి చివర కొడుకు మా పెద్ద నర్సమ్మ దగ్గరకు వచ్చి, అవ్వకు తోడుగా నన్ను పదిహేను రోజులు పచ్‌మఢీకి పంపమన్నాడు. తల్లికి గాలి మార్పు కావాలన్నాడు. ఉబ్బసం మనిషికి ఆ చలీ తేమా పడవనీ, వానలు మొదలైతే అసలే వద్దనీ మా డాక్టరు గారు చెప్పారు. కొడుకు తలూపాడు. తలూపడం ఆయనకు బాగా వచ్చు.

ఆ ఇంటివాళ్ళందరితో కలిసి పిపరియా అనే స్టేషనులో రైలు దిగి కారులో పైకెక్కాం. అన్నా, ఆ కొండ మీద ఏముందని అడుగుతావేమో. చెట్లు, బండలు, లోయలు, కోతులు ఉన్నాయి. బండలు చూడడానికి రైలెక్కి వచ్చేవాళ్ళుంటారని నువ్వు గనిలో చెప్తే ఎవరైనా నమ్ముతారా? ప్రతి బండకూ ఒక ఇంగ్లీషు పేరు పెట్టారు. ఒకచోట సాయంత్రం పూట జనమంతా చేరి పొద్దు గుంకేది చూస్తారు. అది కొండ వెనక్కి పోగానే చప్పట్లు కొడతారు. మన జొన్నచేల మీద రోజూ గుంకే పొద్దే అది, దానికి ఎవరూ ఎన్నడూ చప్పట్లు కొట్టలేదు. ఇంకొకచోట నీళ్ళు పైనుంచి పడుతుంటాయి. ఆ నీళ్ళతో ఎవరూ మడి తడపరు, ఎవరూ కడవ ముంచరు. కింద నిలబడి కేకలు పెడతారు, ఫోటోలు దిగుతారు. మన ఊళ్ళో ఎండాకాలం బావి దగ్గర వదిన వంతు కోసం ఎంతసేపు నిలబడుతుందో తలచుకుంటే వాళ్ళ మీద నాకు నవ్వు కూడా రాలేదు.

తిండి సంగతి చెప్పాల్సింది లేదు. మెత్తటి రొట్టె, ఉప్పూకారం లేని బంగాళదుంప. నేను తింటూనే ఉన్నాను, చిక్కిపోలేదు, అమ్మతో అట్లాగే చెప్పు.

మాకు బంగళా వెనకవైపు గది ఇచ్చారు. గోడలు చెమ్మతో నల్లబడి ఉన్నాయి. ముందువైపు ఎండ పడే గదిలో కోడలి చీరల పెట్టెలు పెట్టారు. రెండో రోజు కోడలు పక్క బంగళా ఆమెతో హిందీలో చెప్తుంటే విన్నాను. ఈ ఏడు ఆఫీసులో ఎవరికీ సెలవులు లేవట. తల్లికి జబ్బు, కొండ గాలి కావాలి అని రాస్తేనే ఆయనకు ఇచ్చారట. "అత్తయ్య పుణ్యాన వచ్చాం," అని ఇద్దరూ నవ్వుకున్నారు. నాకు హిందీ రాదని వాళ్ళ నమ్మకం.

మూడో రోజు వాన పట్టుకుంది. అవ్వకు ఆయాసం మొదలై పడుకోలేక కూర్చునే ఉంది. అక్కడి డాక్టరు వచ్చి సూది వేసి, వెంటనే కిందికి దించమని కొడుక్కే చెప్పి వెళ్ళాడు.

"ఆదివారం విందు ఉంది నర్సమ్మా, అదయ్యాక చూద్దాం," అన్నాడు కొడుకు. "రెండు రోజులైతే ఈ గాలి అలవాటవుతుంది."

"అలవాటయ్యేదాకా ఆమె ఉండాలి కదయ్యా," అన్నాను.

ఆయన గొడుగు తీసుకుని బయటికి పోయాడు.

మర్నాడు పొద్దున వాన తెరిపిచ్చింది. టిఫిను క్యారియర్లు పట్టుకుని అందరూ నీళ్ళు పడేచోటికి పోయారు. అవ్వ పెదవులు నీలంగా ఉన్నాయి.

"పాపా, నన్ను ఈన్నుంచి దించుతావా?" అంది.

"మీ కొడుకు రానీ అవ్వా."

"వాడు నా మాట ఇని శానా యేండ్లాయ. ఈడ నాకు ఊపిరాడేల్దు. నువ్వు దించితే దించు, లేకుంటే నా పక్కన కూసో."

అన్నా, నువ్వే చెప్పు. ఆమె దారిలో పోతే నన్ను జైల్లో పెడతారు. ఉంటే ఆమె ఆ గదిలోనే పోతుంది. పిపరియాకు దించుకుపోతున్నానని ఒక చీటీ రాసి బల్ల మీద పెట్టాను. కావలివాడూ తోటమాలీ ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి బస్సు దాకా మోశారు. ఒక మలుపులో డ్రైవరు బస్సు ఆపాడు. లోయ చూడాలని అందరూ దిగారు. నేను అవ్వ ముఖం చూపించి, బస్సు పోనిమ్మని అడిగాను. అతను అందరినీ పిలిచి ఎక్కించాడు. దిగేకొద్దీ గాలి వేడెక్కింది. పిపరియాలో ఇంకా చినుకు పడలేదు, ప్లాట్‌ఫారం పెనంలా కాలుతున్నది. అక్కడి బల్ల మీద ఒక గంట కూర్చున్నాక అవ్వ గొంతులో ఈల తగ్గింది.

"ఇంగ గాలాడతాండాది," అంది. "మా ఊరి ఎండ మాదిరే ఉండాది."

సాయంత్రానికి కొడుకు కారులో వచ్చాడు. నా ఉద్యోగం తీయిస్తానన్నాడు.

"ఆ పాపనేం అనొద్దు. నేనే దించమన్యా," అంది అవ్వ.

ఆయన గొంతు తగ్గించాడు. "అమ్మా, ఇంకా పదకొండు రోజుల సెలవుంది. నువ్వు నాలుగు రోజులకే దిగొస్తే ఆఫీసులో నేనేం చెప్పేది?"

ఎట్లా ఉందని ఒక్కమాట అడగలేదు.

"మాయమ్మ సచ్చిపోయిందని చెప్పు నాయనా. ఇంగా పది దినాలు ఎక్కువిస్తారు," అంది అవ్వ.

అవ్వ మళ్ళీ ఆ ఇంటికి రానంది. రాయచోటిలో ఉన్న చెల్లెలి దగ్గరకు పంపమంది. నాగపూరు వచ్చి ఆమెను మా వార్డులోనే పెట్టుకున్నాం. పెద్ద నర్సమ్మ అందరి ముందూ నన్ను తిట్టి, లోపలికి పిలిచి, ఆమెను ఊరు చేర్చి రమ్మని సెలవిచ్చింది. వచ్చే బుధవారం బయలుదేరుతున్నాం. అటునుంచి ఇంటికి రెండు రోజులకు వస్తాను. జొన్నరొట్టె, చెనక్కాయల పచ్చడి తప్ప నాకేమీ చేయొద్దని వదినతో చెప్పు.

నిన్న మందు తాగిస్తూ అవ్వతో అన్నాను, నేను మిమ్మల్ని మీ చెల్లెలి ఇంటి ముందు దించి అటే వెళ్ళిపోతానని. ఎందుకంది. మేం ఊరి బయట పేటవాళ్ళం, మీ చెల్లెలు నన్ను అరుగు దాటనీయదు అన్నాను.

"దానిదంతా మాయమ్మ బుద్ది. రానిస్తాదో లేదో నేను చెప్పలేను పాపా," అంది అవ్వ. "అరుగు మీదే కూసోమంటే నేనూ ఆడే కూసుంటా."

పాస్టరయ్య గారికి, చిన్నాయనకు, అత్తకు నా వందనాలు చెప్పు. పిల్లలకు ముద్దులు. ప్రయాణం క్షేమంగా జరగాలని అమ్మను నా తల మీద చేయి పెట్టినట్టే తలచుకుని ప్రార్థన చేయమను.

ఇట్లు,
నీ చెల్లెలు
రూతమ్మ