గిలక్కాయ వెనకాల

మూడో తారీఖు, సోమవారం

ప్రియమైన అక్కకి,

ఉత్తరం చూసి కంగారు పడకు, ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. ఫోన్ చేస్తే సగంలోనే పెట్టేస్తావు. ఉత్తరమైతే చింపడానికైనా ఓసారి చేతిలోకి తీసుకోవాలి కదా అని రాస్తున్నాను.

సంగతేమిటంటే, మన బ్యాండ్ రికార్డుకి నలభై ఏళ్ళు నిండుతున్నాయట. మనం మర్చిపోయినా కంపెనీ వాళ్ళు మర్చిపోలేదు. మళ్ళీ విడుదల చేస్తారట. ఊరికే పాతదాన్నే అచ్చు వెయ్యడం కాదు, కొత్తగా రీమిక్స్. గోదాములో మన టేపులు దొరికాయి. ఇన్నేళ్ళకి జిగురెక్కి ఒకదానికొకటి అంటుకుపోయాయట. చిన్న పెట్టెలో పెట్టి ఎనిమిది గంటలు వెచ్చబెట్టి, అప్పుడు తిప్పారు. నీ డ్రమ్స్, గిటార్లు, నా గొంతు, దేనికది విడిగా ఉన్నాయి. మిక్స్ చేసే అమ్మాయికి ముప్ఫై ఏళ్ళు కూడా ఉండవు. "అంకుల్, వాన పాట మధ్యలో గిటార్లు ఆగిపోయి డ్రమ్స్, గిలక్కాయ, మీ గొంతు మాత్రమే ఉంటాయి చూడండి, అది విన్నాకే నేను ఈ పనిలోకొచ్చాను" అంది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మన నలుగురి సంతకాలూ కావాలట. గిటార్ వాళ్ళిద్దరూ పెట్టేశారు, నేనూ పెట్టాను. నీదొక్కటే మిగిలింది. కాగితం ఇందులోనే ఉంది, ఇంటూ గుర్తు దగ్గర సంతకం చేసి పంపించు. అంతే పని. స్టూడియోకి వెళ్ళక్కర్లేదు. ఆ అమ్మాయి పిలిచినా వెళ్ళకు, అంతా పాత పెట్టెల దుమ్ము, నీకు పడదు. పుస్తకం ఒకటి వేస్తారట, దాని గురించీ అడక్కు, ఏముంటుంది అందులో, పాత ఫోటోలు.

ఈమధ్య ఒకచోట కూర్చోలేకపోతున్నాను. షాపులో అద్దె స్పీకర్ల వైర్లు చుట్టినవే విప్పి మళ్ళీ చుడుతున్నాను. "కాలు కాలిన పిల్లిలా ఏమిటా తిరుగుడు?" అంటోంది నీ మరదలు. వయసు అన్నాను.

త్వరగా పంపించు. మరీ త్వరగా.

నీ తమ్ముడు


పదకొండో తారీఖు, మంగళవారం

ఒరేయ్ తమ్ముడూ,

చింపలేదులే. కత్తెర చేతిలోనే ఉంది గానీ, పని ఒత్తిడిలో నీ ఉత్తరానికి అంత మర్యాద చెయ్యడానికి తీరిక లేకపోయింది. ఆరు మిషన్లూ పొద్దుట్నుంచి ఆగడం లేదు. నాటకశాల తెరలు, ఒక్కోటీ పదహారు గజాలు, ఎత్తి మిషన్ మీద పెట్టడానికే ఇద్దరు కావాలి. కాలు పీకేస్తోంది.

కాగితం వెనక్కి పంపుతున్నాను. సంతకం పెట్టలేదు. నాది కాని దరువుకి నా సంతకమేమిట్రా?

నీకు తెలియనిదేం కాదు, అయినా మళ్ళీ రాస్తాను. రికార్డు వచ్చిన నెలకి డ్రమ్ కర్రలు కొనడానికి వాద్యాల షాపుకి వెళ్ళాను. కౌంటర్ దగ్గర ఒకాయన షాపాయనతో గొప్పలు పోతున్నాడు. "వాన పాటలో వాయించింది నేనే. వాళ్ళ పిల్ల వాయించింది పనికిరాలేదని తీసేసి నన్ను పిలిచారు" అంటున్నాడు. ఆ పిల్ల తన పక్కనే నిలబడి ఉందని ఆయనకి తెలియదు. కర్రలు కౌంటర్ మీద పెట్టేసి వచ్చేశాను. ఆ వారమే డ్రమ్స్ మొత్తం బడికి ఇచ్చేశాను. రికార్డు ఒక్కసారి కూడా వినలేదు, ఇవాళ్టిదాకా. ఎక్కడైనా ఆ పాట మొదలైతే లేచి బయటికి వెళ్ళిపోతాను. ఒకసారి పంటి డాక్టరు దగ్గర నోరు తెరిచి ఉండగా మొదలైంది. అలాగే లేచి వెళ్ళిపోయాను.

నా కోపమంతా మన పాటలు రికార్డు చేసిన ఆ బట్టతల ఇంజనీరు మీదే. "నీ కాలు భలే కుదురమ్మా" అని ఎదురుగా మెచ్చుకుని, నేను అటు తిరగ్గానే తీసి పారేశాడు. ఆ తర్వాత రెండుసార్లు ఫోన్ చేశాడు, నేను తియ్యలేదు. ఆయన పోయాడని తెలిసినప్పుడు చూడ్డానికి కూడా వెళ్ళలేదు. బాధ్యత తెలిసిన మనిషే అయితే మొహం మీద చెప్పాల్సింది.

అప్పట్లో నన్ను ఏడిపించినవాళ్ళలో నువ్వూ తక్కువేం కాదు. ముగ్గురం బరువులు మోస్తుంటే నువ్వు నీ గొంతు మోసుకొచ్చేవాడివి. అందుకే నేను కాలితో తొక్కే డ్రమ్ పెడల్‌కి నూనె వేసే పని నీకు పెట్టాం. ఒక్కనాడు వేశావా? వేశానక్కా, వేశానక్కా అనడమే.

ఇంకోమాట. ఆ అమ్మాయి నిన్న ఫోన్ చేసింది. ఒకసారి రమ్మంది, ఏదో అడగాలట. రానన్నాను. కానీ నువ్వెందుకు వద్దంటున్నావు? నాకు దుమ్ము పడకపోవడమేమిట్రా, రోజంతా బట్టల నూగులో బతికేదాన్ని! నువ్వేదో దాస్తున్నావు. చిన్నప్పట్నుంచీ అంతే, దాచేటప్పుడు అవసరమైనదానికంటే ఎక్కువ మాట్లాడతావు.

అక్క


పదిహేనో తారీఖు, శనివారం

అక్కా,

ఇది కూర్చుని చదువు. మిషన్ ఆపి చదువు.

వాళ్ళు వేసే పుస్తకం నమూనా నాకు ముందే వచ్చింది. అందులో టేపు పెట్టె ఫోటో ఉంది, పేజీ అంత పెద్దది. దాని మీద ఇంజనీరు చేతిరాత: "వాన పాట. డ్రమ్స్ మార్చాలి. గాయకుడు అడిగాడు." కింద తారీఖు. ఆ ఫోటో తీసెయ్యమని కాళ్ళావేళ్ళా పడ్డాను. అభిమానులకి పెట్టెల ఫోటోలంటే ప్రాణమట, తియ్యరట. నువ్వు అది పుస్తకంలో చూసే లోపల నేనే చెప్పాలి.

మార్చమన్నది ఆయన కాదక్కా. నేను.

నువ్వు పరీక్ష రాయడానికి వెళ్ళిన రెండు రోజుల్లో జరిగింది. కంపెనీ ఆయన వచ్చి వాన పాట విన్నాడు. గిటార్లు ఆగిపోయే చోట నీ కాలు పడ్డప్పుడల్లా కిర్రు, కిర్రు. "ఏమిటా చప్పుడు?" అన్నాడు. నాకు తెలుసు ఏమిటో. నూనె వెయ్యలేదు. "నాదే తప్పు, అక్క వచ్చాక మళ్ళీ వాయిస్తుంది" అంటే అయిపోయేది. ఇంజనీరు కూడా "రెండు రోజులు ఆగుదాం, అమ్మాయి వచ్చేస్తుంది" అన్నాడు. నేను ఆగనివ్వలేదు. బయటి మనిషిని పిలిపించమన్నాను.

నూనె వంక మాత్రమే. అసలు సంగతి రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తున్నాను. అంతకు ముందు వారం కంపెనీ ఆయన మెట్ల మీద ఎవరితోనో అంటుంటే విన్నాను. "పాడేవాడి సంగతి ఎలా ఉన్నా, ఆ పిల్ల వాయిస్తుంటే కాలు ఆగడం లేదు" అన్నాడు. కుళ్ళు, అక్కా. ఒట్టి కుళ్ళు. బ్యాండ్ నాదనుకునేవాణ్ణి.

ఆ వచ్చినాయన తళతళలాడే సొంత డ్రమ్స్ తెచ్చుకుని, నీ దరువే విని, దెబ్బకి దెబ్బ కాపీ కొట్టి అరగంటలో వెళ్ళిపోయాడు. నువ్వు వాద్యాల షాపు నుంచి వచ్చి, మంచం మీద కూర్చుని, "ఆ ఇంజనీరే తీసేశాడు కదూ?" అని అడిగావు. నేను అవునన్నాను. అన్నింటికంటే అదే పెద్ద పాపం. పోయినవాడి మీద పడేసి నలభై ఏళ్ళు హాయిగా భోంచేశాను.

హాయిగా అని రాశాను గానీ అబద్ధం. షాపులో ఎవరో ఒకరు ఆ పాట పెట్టి "మీరే కదండీ" అంటారు. నవ్వుతాను. నా వెనక వాయిస్తున్నది ఎవడో తెలుసు కాబట్టి ఆ నవ్వు నా మొహానికి అతకదు.

తిట్టు. ఫోన్ చేసి తిట్టు. ఈసారి సగంలో పెట్టెయ్యకు, పూర్తిగా తిట్టు.

తమ్ముడు


ఏడో తారీఖు, ఆదివారం

అక్కా,

మూడు వారాలైంది. నీ దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఫోన్ మోగి మోగి ఆగిపోతోంది.

మిక్స్ చేసే అమ్మాయికి ఫోన్ చేశాను. నువ్వు వెళ్ళావట! నాలుగు గంటలు ఉన్నావట! ఏమందని అడిగితే "అది ఆంటీయే చెప్తారు అంకుల్" అంది.

మొన్న మీ వీధికి వచ్చాను. ఎదురుగా మందుల షాపు దగ్గర నిలబడ్డాను. మీ షట్టర్ తీసే ఉంది, మిషన్ల చప్పుడు వినిపిస్తోంది. అందులో నీ మిషన్ ఏదో పట్టుకుందామని చూశాను. మొహం చెల్లక వెనక్కి వచ్చేశాను. మందుల షాపతను ఏం కావాలని మూడుసార్లు అడిగితే ఊరికే దగ్గు బిళ్ళలు కొన్నాను.

నా సంతకం వెనక్కి తీసుకుంటానని కంపెనీకి రాశాను. రికార్డు రానక్కర్లేదు. నీది కాని దరువు ఇంకోసారి ఊరంతా మోగడం నాకూ వద్దు. ఇప్పటికి ఇంతకంటే ఏం చెయ్యగలనో తోచడం లేదు. నువ్వే చెప్పు.

తమ్ముడు


పదో తారీఖు, బుధవారం

ఒరేయ్,

దగ్గు బిళ్ళలు కొనడానికి బస్సెక్కి వచ్చిన వెధవ్వి నువ్వొక్కడివే. నేను చూశాను నిన్ను. కిటికీలోంచి అరగంట చూశాను. పిలవాలనిపించలేదు.

నీ పదిహేనో తారీఖు ఉత్తరం చదివిన రోజు పదహారు గజాల తెర అడ్డంగా కత్తిరించేశాను. ఇన్నేళ్ళలో అలా చెయ్యలేదు. పనివాళ్ళంతా మిషన్లు ఆపేసి చూశారు. ఒళ్ళు మండిపోయింది. నీ మీద ఎంత కోపం వచ్చిందంటే, నువ్వు పుట్టినప్పుడు నిన్ను ఎత్తుకుని వీధంతా చూపించుకొచ్చిన సంగతి గుర్తొచ్చి దానిమీద కూడా కోపమొచ్చింది.

రెండు రోజులు చూసి స్టూడియోకి వెళ్ళాను. ఎందుకంటావా? ఆ వచ్చినాయన నాకంటే అంత బాగా ఏం వాయించాడో ఒక్కసారి విని, ఇంక మర్చిపోదామని.

ఆ పిల్ల నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది. నీ గొంతు తీసేసి వాన పాట పెట్టమన్నాను. "డ్రమ్స్ ఇద్దరు వాయించినవీ ఉన్నాయి ఆంటీ, రికార్డులో ఉన్నది పెట్టనా?" అంది. పెట్టమన్నాను. గిటార్లు ఆగిపోయే చోటు వచ్చింది. "మిమ్మల్ని రమ్మన్నది దీనికోసమే. ఈ గిలక్కాయ వెనకాల ఇంకేదో చప్పుడుంది, ఏమిటో తెలియడం లేదు" అని గిలక్కాయ తీసేసింది.

కిర్రు.

ఇంకో దెబ్బ. కిర్రు. కాలు పడ్డప్పుడల్లా కిర్రు.

నాదేరా. రికార్డులో ఉన్నది నేనే. మొదట్నుంచీ నేనే. నా కాలు నాకు తెలియదా? ఆయన వాయించింది కూడా పెట్టించుకుని విన్నాను. శుభ్రంగా ఉంది, చప్పుడన్నది లేదు, రికార్డులో ఎక్కడా వాడలేదు. పాపం ఆయన ఇన్నేళ్ళూ రికార్డులో ఉన్నది తనదే అనుకుని ఉంటాడు, నువ్వు అనుకున్నట్టే.

నువ్వు పెట్టె ముందువైపే చూశావు. ఆ పిల్ల తిప్పి చూపించింది. వెనక అదే చేతిరాత, రెండు రోజుల తర్వాతి తారీఖు. "రెండూ విన్నాను. అమ్మాయిదే ఉంచాను. కిర్రు వినబడకుండా గిలక్కాయ నేనే వాయించి కప్పాను. గాయకుడికి చెప్పలేదు. అమ్మాయికి చెప్పాలి. పెడల్‌కి నూనె వెయ్యమని కూడా చెప్పాలి."

ఆ రెండు ఫోన్లూ అందుకేరా. నేను తియ్యలేదు. ఆయన పోయాక చూడ్డానికి కూడా వెళ్ళలేదు. స్టూడియోలో బాగా ఏడ్చాను. ఆ పిల్ల తలుపేసి, మంచినీళ్ళు పక్కన పెట్టి, తనకేదో పనున్నట్టు వైర్లు సర్దుకుంటూ కూర్చుంది. మంచి పిల్ల.

ఇంక నీ సంగతి. నువ్వు చేసింది చిన్న తప్పు కాదు. నా చేతిలోంచి కర్రలు లాగేశావు. కానీ ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి ఆ పాట వినుంటే నాకు తెలిసిపోయేది. వినకూడదన్న మొండితనం నాది. నువ్వు ఎవడో వెనకున్నాడనుకుంటూ పాడావు, నేను అందులో లేననుకుంటూ పారిపోయాను. ఇన్నేళ్ళూ ఇద్దరం ఒకే పాటలో ఉన్నాంరా, వెర్రి వెధవా.

సంతకం పెట్టి పంపించేశాను. నువ్వు వెనక్కి తీసుకుంటే కాళ్ళు విరగ్గొడతాను. పెట్టెకి ముందువైపూ వెనకవైపూ రెండూ పుస్తకంలో వెయ్యమన్నాను, నీ పరువు ఏమైపోయినా సరే. కిర్రుని కంప్యూటర్లో తుడిచెయ్యనా అని అడిగింది ఆ పిల్ల. దాని జోలికి వెళ్ళావంటే ఊరుకోనన్నాను. కొత్త మిక్స్‌లో ఆ చోట గిలక్కాయ తగ్గించి కిర్రు వినిపించేలా పెడుతోంది.

నిన్న బడికి వెళ్ళాను. నా డ్రమ్స్ ఎప్పుడో పోయాయి. సామాన్ల గదిలో విరిగిన బెంచీల కింద పెడల్ ఒక్కటి దొరికింది, తుప్పు పట్టి. అడిగితే ఇచ్చేశారు. ఇప్పుడు నా కత్తిరింపు బల్ల కింద ఉంది. మధ్యమధ్యలో తొక్కుతున్నాను, అరుస్తోంది.

క్షమించానని రాయడం లేదు. ఆదివారం పదింటికి రా. ఎదురు షాపు దగ్గర కాదు, లోపలికి రా. మిషన్ నూనె సీసాలు ఇక్కడ బోలెడున్నాయి. నా ఎదురుగా నేల మీద కూర్చుని ఆ పెడల్‌కి నూనె వెయ్యి. వేశానక్కా అంటే నమ్మను, కాలు పెట్టి చూస్తాను.

అక్క