పూజలో పెట్టిన కంప్యూటరు

తిరుపతి

అక్కకు,

నీ చెల్లెలు సరోజ నమస్కరించి రాస్తున్నాను. నీ మోకాళ్ల నొప్పి తగ్గిందా? బావగారు, పిల్లలు కులాసా అని తలుస్తాను. ఫోనులో నీకు మాట సరిగా వినపడదని ఈ ఉత్తరం. స్వామి దయవల్ల మేమిద్దరం బాగున్నాం, దిగులు పెట్టుకోవద్దు.

ఇక్కడ వానలు బాగా పడుతున్నాయి. నగరిలో ఉన్నప్పుడు రోజూ విన్న మరమగ్గాల మోత లేక మొదట్లో ఇల్లు బోసిగా ఉండేది. ఇప్పుడు మా చీరల అంగట్లో పొద్దే తెలియడం లేదు. పెళ్లివాళ్ల ఆర్డర్లు, రవికె కొలతలు అన్నీ కంప్యూటరులోనే. అది మొరాయిస్తే మాకు చేతకాదు కనుక, దాని బాగోగులు బెంగుళూరులో ఒక ఆఫీసుకు అప్పగించాం. పవిత్ర అనే అమ్మాయి అక్కడినుంచే సరిచేస్తుంది. ఆ పిల్ల సొంతూరు ఎముకల కట్లకు పేరుపడ్డ పుత్తూరని తెలిసి మీ మరిది, “ఇంకేమి, విరిగినా కట్టు కట్టేస్తాది” అని ఒకటే నవ్వు.

మహర్నవమి నాడు కత్తెర, టేపు, కంప్యూటరు అమ్మవారి ముందు పెట్టాం. ఆయన కంప్యూటరు ఆపడం మరిచారు. హారతి ఇస్తుంటే తెరమీద బాణం దానంతటదే కదిలింది! నాకు ఒళ్లు జలదరించింది. అంతలో పవిత్ర ఫోను.

“అమ్మా, మీ హార్డ్ డిస్కు పోయేటట్టుండాది. ఇప్పుడే కాపీ తీయకుంటే మీ ఆర్డర్లన్నీ పోతాయి.”

“పూజలో పెట్టినాము తల్లీ. రేపు మళ్లా పూజ చేసేదాకా ముట్టుకోకూడదు.”

“నేను యాడ ముట్టుకున్నానమ్మా? బెంగుళూరులో కూర్చోనుండాను.”

“చెయ్యి ఆడ, బాణం ఈడ! ఇది ముట్టుకున్నట్టా, కాదా? నువ్వే తీర్పు చెప్పు సరోజా” అన్నారు మీ మరిది.

మరునాడు ఉదయమే పెళ్లివాళ్లు వస్తారు. అమ్మవారి వైపు చూశాను. “నీ కంప్యూటరుకు పూజ చేసినావా?” అని అడిగాను.

“మాకు సెలవెక్కడమ్మా!”

“అయితే నీది పూజలో లేదు. పని చేసేది నీ కంప్యూటరు, మాది ఊరికే కూర్చోనుంటాది. కానియ్యి తల్లీ.”

ఆ పిల్ల పకపకా నవ్వి, గంటలో అన్నీ భద్రం చేసింది. “ఇంక నీదానికీ బొట్టు పెట్టుకో” అన్నాను.

“దీన్నీ పూజలో పెట్టేస్తే ఎట్లమ్మా? ఈ పొద్దు అన్ని అంగళ్లూ పూజలోనే ఉండాయి. ఎవరన్నా పిలిస్తే?”

నా మనసు చివుక్కుమంది. ఆమె గోత్రం అడిగి, ఆమె పేరున మరోసారి హారతి ఇచ్చాను.

మరునాడు మా కంప్యూటరు లేవనే లేదు. అయినా పవిత్ర తన దగ్గరున్న కాపీ చూసి ఫోనులో ఆర్డర్లన్నీ చదివింది, పెళ్లివాళ్లు తమ చీరలు, రవికెలు సరిగ్గా తీసుకుని సంతోషంగా వెళ్లారు.

పవిత్రకు కుంకుమ పోస్టులో పంపాను, నీకూ ఇందులో పెట్టాను. పెద్దమ్మకు నా దండాలు చెప్పు. వీలైతే కాస్త చింతకాయ తొక్కు పంపు. నేను చెప్పిన తీర్పు తప్పయితే నన్ను కోప్పడు, ఆ పిల్లను మాత్రం దీవించు.

నీ దీవెన కోరే
సరోజ