కలహారిలో మంచినీళ్లు

మంగళవారం రాత్రి, కలహారి అభయారణ్యం

సింహాల మీద కథనం కోసం వచ్చిన మా బండి ఇసుకలో ఆగిపోయి ఇది రెండో రాత్రి. మధ్యాహ్నం నుంచి రేడియో పలకడం లేదు. ముగ్గురికీ కలిపి క్యాను అడుగున కాసిని మంచినీళ్లు మిగిలాయి.

నిన్న అన్నం తిన్నాక మా ఫొటోగ్రాఫర్ రత్నం, వాడరేవులో తన ఇంటి దగ్గర చేసినట్టే, పుక్కిలించి, చేతులు కడిగి, కాళ్ల మీద కూడా కుమ్మరించుకున్నాడు. డ్రైవర్ పరుగెత్తుకొచ్చి క్యాను లాక్కునేలోపు సగం ఇసుక పాలైంది. రత్నం వెనకే నేనూ కడుక్కోవడానికి చేతులు చాపి నిలబడ్డాను. నా వంతు రాలేదు, అంతే.

ఇప్పుడు రత్నానికి జ్వరం. గ్లాసు నోటి దగ్గర పెడితే తల తిప్పేశాడు.

“పారబోసినోణ్ణి నేనన్నా. నా వంతు అయిపోయింది.”

“ఒరేయ్, పెద్ద త్యాగమూర్తి బయల్దేరాడు. తాగరా!”

తాగలేదు. పెదాలు పగిలి రక్తం కారుతోంది. అప్పుడు చెప్పాను, రేడియో పలికిందని, పొద్దున్నే బండి వస్తోందని. ఇన్నేళ్లలో నిర్ధారించుకోని వార్త ఒక్కటీ రాయలేదు. డ్రైవర్‌కు తెలుగు రాదు కనుక కాదనేవాళ్లు లేరు.

రత్నం గటగటా తాగేశాడు. ఇంకో గ్లాసు వంచి నాకందించాడు.

“బండొస్తందిగా, ఇంకా దాచేదేంటి? నువ్వూ తాగన్నా.”

నా ముఖంలోకే చూస్తున్నాడు. నమ్మించడానికి తాగాను.