తులసీరాం బొమ్మ లేని ఆల్బమ్

చిత్తూరు గిరింపేటలో కాపురముంటున్న, కీర్తిశేషుడు మునస్వామి కుమారుడు ఏకాంబరం అనే నేను, నా వారికీ, ఈ కాగితాన్ని అమలు జరపవలసిన నా స్నేహితుడు డ్రిల్లు మాస్టరు మునిరామయ్యకూ తెలియజేస్తూ వ్రాస్తున్న మరణశాసనం ఇది. నాకు క్షయ. రొమ్ము చెడింది గాని బుద్ధి చెడలేదు. చెడి ఉంటే కొంత సుఖపడేవాణ్ణి. నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు. ఇంతకుముందు నేను ఏ వీలునామా వ్రాయలేదు.

1. నేను నివసిస్తున్న పెంకుటిల్లు, వెనుక దొడ్డి, బావితో సహా, నా కోడలు వరదమ్మకు దానవిక్రయాది సర్వహక్కులతో చెందవలెను. ఈమె, పట్టాళానికి పోయి తిరిగి రాని నా ఒక్కగానొక్క కొడుకు తులసీరాం భార్య. ఆమె మళ్లీ పెళ్లి చేసుకున్నా ఈ ఇల్లు ఆమెదే. ఈ మాట చెప్పినప్పుడు, "ఇంగోసారి ఆ మాటంటే నీకు గంజి గూడా పొయ్యను మామా" అని లేచి లోపలికి వెళ్లింది. అయినా వ్రాస్తున్నాను.

2. నా భార్య, స్వర్గస్థురాలు తాయమ్మ తమ్ముడు గంగులప్పకు ఈ ఇంటిలో గాని, సామానులో గాని ఏ హక్కూ లేదు. "మగదిక్కు లేని కొంపలో ఆడదానికేం పని, పుట్టింటికి పంపించు బావా" అని వరదమ్మ వింటుండగానే అన్నాడు. ఇంకొక మాట కూడా అన్నాడు: "తల్లిలేని బిడ్డకు ఆ బొమ్మలు సూపించి సెడగొట్టింది నువ్వే." మొదటి మాటకు నేను ఆయనను క్షమించను. రెండవదానికి ఆయనను తప్పుపట్టను.

3. ఆ బొమ్మల సంగతి. నేను సిగరెట్టు ఏజెంటు దగ్గర పనిచేసినవాణ్ణి. సైకిలు మీద పుత్తూరు, కార్వేటినగరం, నగరి అంగళ్లకు సరుకు వేసేవాణ్ణి. పెట్టెలో సిగరెట్ల వెనుక ఒక చిన్న అట్టబొమ్మ వచ్చేది: ముందు క్రికెట్టు ఆటగాడి ముఖం, వెనుక అతని చరిత్ర. కాల్చేవాళ్లు పారేసేవాళ్లు, నేను ఏరుకొని ఒక ఆల్బమ్‌లో దాచేవాణ్ణి. బొమ్మ వెనుక చరిత్ర ఆగిన తరువాత ఆ ఆటగాడు ఏమయ్యాడో పత్రికల్లో వెతికేవాణ్ణి. హాలోవే అనే బౌలరు బొగ్గుగనిలో నుంచి వచ్చి తన దేశం తరఫున ఆడాడు. మోకాలు విరిగాక, తాను ఆడిన మైదానానికే కావలివాడయ్యాడు. ఫెర్న్‌లీ అనేవాడు దేశం తరఫున ఒక్కటే ఆట ఆడి సున్నాకు అవుటయ్యాడు. మళ్లీ పిలవలేదు. అయినా అతనికి బొమ్మ ఉంది.

తులసీరాంకు ఈ కథలే అన్నంలో కలిపి పెట్టాను. హాలోవే బొమ్మలో వేళ్లు ఎట్లా ఉన్నాయో చూసి బంతి పట్టడం నేర్చుకున్నాడు. పెరిగాక వాడి బంతికి మద్రాసు వాళ్లే జంకారు. ముప్పై తొమ్మిదిలో, మన దేశపు ఆటగాళ్లతో కొత్త బొమ్మల వరుస వేస్తామని ఒక సిగరెట్టు కంపెనీవాళ్లు వాణ్ణి మద్రాసులో ఫోటో తీయించారు. ఇంటికి వచ్చి, "ఆ ఫెర్న్‌లీ మాదిరి ఒక్క ఆట సాలు నాయనా, నీ పుస్తకంలో నేను గూడా ఉంటాను" అన్నాడు. ఆల్బమ్‌లో మొదటి పుట ఖాళీ చేసి ఉంచాను.

యుద్ధం వచ్చింది. కాగితం కరువై కంపెనీ బొమ్మలు ఆపేసింది. ఆటలు తగ్గిపోయి వాడికి పిలుపులూ రాలేదు. అప్పటికి వరదమ్మతో పెళ్లయింది, సంపాదన లేదు. పట్టాళంలో మంచి టీము ఉందని సైన్యంలోకి చేర్చుకునే దొర చెప్పాడు. అది నమ్మి చేరాడు. సింగపూరులో జపానువాళ్లకు పట్టుబడ్డాడు.

పెళ్లిలో ఫోటో తీయించలేదు. వాడికి మరే ఫోటో లేదు. కంపెనీకి ఎన్నో జాబులు వ్రాశాను. ఫోటోలన్నీ లండనుకు పంపామనీ, అక్కడి ఆఫీసు బాంబులకు కాలిపోయిందనీ చివరకు జవాబు వచ్చింది. నేను ఎన్నడూ చూడని వందలమంది దొరల ముఖాలు నా దగ్గర ఉన్నాయి. నా కొడుకు ముఖం లేదు. ఈ మధ్య వాణ్ణి తలచుకుంటే నుదురు వస్తుంది, నోరు రాదు.

ఆల్బమ్ మునిరామయ్య తీసుకోవచ్చును. వద్దనుకుంటే పొయ్యిలో వేయవచ్చును. నాకు పట్టింపు లేదు.

4. అయితే అంతకుముందు, నా మనుమరాలు మునిలక్ష్మి తనకు కావలసిన బొమ్మ తీసుకోవలెను. వాడు పట్టాళానికి పోయాక పుట్టిన బిడ్డ. హాలోవే బొమ్మ మీద వేలు పెట్టి, "మా నాయన ఈయనే కదా తాతా" అంటుంది. కాదంటే, మరి ఏదని అడుగుతుంది. నేను ఏది చూపించేది? పెద్దయ్యాక తల్లే చెప్పవలెను.

5. నా సైకిలు నగరి నేతగాడు కుప్పయ్యకు. నా కొడుకుతోపాటు చెరలో ఉండి, పోయిన ఏడు తిరిగి వచ్చినవాడు. తన ఇంటికంటే ముందు మా ఇంటికి వచ్చాడు. "రక్తవిరేచనాలయ్యా. నా తొడమీదే తల పెట్టుకొని పోయినాడు. ఈ సేతుల్తోనే పూడ్చినాను" అని గడపలో కూలబడి ఏడ్చాడు. నేను నమ్మాను. వరదమ్మ అతనికి అన్నం వడ్డించి, "ఆడ పోయింది ఇంకెవురోలే అన్నా. ఆ పేరుగలోళ్లు ఎంతమంది లేరు" అంది. బొట్టు తీయలేదు.

6. నా చితికి నిప్పు పెట్టడానికి వేరే మగవాడు లేడు గనుక గంగులప్పే పెట్టవలెను. కర్మలలో నా పేరే చెప్పవలెను. పోయినవాళ్లలో తులసీరాం పేరు కలిపి చదవకూడదు. వరదమ్మ బొట్టు మీద, గాజుల మీద ఎవరూ చేయి వేయకూడదు.

7. ఇది వ్రాసి వినిపించినప్పుడు వరదమ్మ ఇంకొక షరతు చేర్చమంది. నా కొడుకు తులసీరాం తిరిగి వచ్చిన పక్షంలో, పై ఏర్పాట్లన్నీ రద్దయి, నా సమస్త ఆస్తీ అతనికే చెందవలెను. ఇది చెల్లే మాట కాదని నాకు తెలుసు. వ్రాసేవరకు ఆమె నా మంచం పక్కనుంచి కదలలేదు. వ్రాశాను.

చిత్తూరు, 1946 నవంబరు 18, సోమవారం.

(సంతకం) ఏకాంబరం

సాక్షులు:
తిరుమలయ్య, పక్క ఇల్లు
మునికృష్ణ, కాంపౌండరు