పైపులు బిగించిన సంగతి

చిక్కడపల్లి,
సద్దుల బతుకమ్మ మరునాడు.

ప్రియమైన పద్మకు,

నీ ఉమాకాంత్ రాసేది. ఇక్కడ నేను, అమ్మ, డాబా మీది నీళ్ళ తొట్టి ముగ్గురమూ క్షేమం. అక్కడ నువ్వు, నీ మేఘాలయ కొండలు, నీ బ్యాంకు బ్రాంచి క్షేమమని తలుస్తాను. ఈ ఉత్తరం కొంచెం పొడుగు. టీ పెట్టుకుని కూర్చుని చదువు.

పొద్దున ఫోన్లో "నా ఉత్తరం చేరేదాకా ఆ దరఖాస్తు ఇవ్వకు" అన్నాను. ప్రమోషన్ వద్దు, హైదరాబాదులో పాత సీటుకే పంపండి అని నువ్వు రాసిపెట్టుకున్న దరఖాస్తు సంగతే. ఎందుకివ్వొద్దని నువ్వు అడుగుతుండగా లైను పోయింది కదా. లైను పోలేదు. నేనే పెట్టేశాను. ఆ సంగతి ఫోన్లో చెప్పేది కాదు, చెప్పినా నా నోటికి వచ్చేది కాదు. అందుకే రాస్తున్నాను. కానీ ముందు నీ ప్రశ్నలకు జవాబులు చెప్పనీ, లేకపోతే మళ్ళీ అవే రాస్తావు.

బీపీ మాత్ర వేసుకుంటున్నాను. కందిపప్పుకు పురుగు పట్టలేదు, మినప్పప్పుకు పట్టింది, ఎండలో పోశాను. హోటల్ తిండి తినడం లేదు. అమ్మ పక్కన కూర్చుని చెప్తుంటే నేనే వండుతున్నాను. మొన్న పచ్చిపులుసు చేసి కింది వాటాలో ధర్మారావుగారికి ఒక గిన్నె పంపాను. పొద్దంతా అశోక్ నగర్లో గ్రూప్స్ పిల్లలకు జాగ్రఫీ చెప్పి అలసి వచ్చిన మనిషి కదా, ఏది పెట్టినా తింటారనుకున్నాను. గిన్నె కడిగి పంపిస్తూ, ఇకమీదట శ్రమ తీసుకోవద్దని చాలా మర్యాదగా చెప్పారు.

స్లాబు ఆగుతుందా అని ప్రతి ఉత్తరంలో అడుగుతున్నావు. ఆగుతుంది. ఇంజనీరును పిలిపించి చూపించాను. తొట్టిని డాబా మధ్యలోంచి పిల్లర్లున్న మూలకు జరపమన్నాడు, నిండా నింపొద్దన్నాడు. ఇప్పుడు నీళ్ళు అమ్మకు నడుం దాకా వస్తాయి. అంతకన్నా లోతుతో ఆమెకేం పని, ఈత పోటీలకు పోతుందా?

ఇక అసలు ప్రశ్న. "తొట్టికి పైపులు బిగించారా?" అని అడిగావు. బిగించాను.

అమ్మ మోకాళ్ళకు నేల మీద నడక కష్టం, నీళ్ళలో నడిపించండి, బరువు నీళ్ళే మోస్తాయి అని డాక్టరు అన్నప్పుడు నేను నవ్వాను. నువ్వు నవ్వలేదు. వెళ్ళేముందే ఆర్డరు పెట్టావు. నువ్వు రైలెక్కిన వారానికి పెట్టె వచ్చింది. ఇనుప గొట్టాల చట్రం, నీలం రంగు మందపాటి షీటు, నీళ్ళు వడగట్టే చిన్న మోటరు, బూడిద రంగు ముడతల పైపులు రెండు, క్లిప్పులు, వాషర్లు, నల్ల రబ్బరు బిరడాలు రెండు. వాటితో పాటు ఎట్లా బిగించాలో చెప్పే కాగితం. నారాయణగూడలో పైపుల దుకాణం పెట్టుకుని బతుకుతున్నవాణ్ణి, నాకు కాగితం చూసి పైపు బిగించే ఖర్మేమిటి? మడిచి సజ్జ మీద పడేశాను.

నేనూ ధర్మారావుగారూ అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి డాబా మీదికి మోసుకెళ్ళాం. కొడుకు పనితనం చూడొద్దూ మరి. స్విచ్ వేశాను. మోటరు మూలిగింది, నీళ్ళు కదల్లేదు. తొట్టిలోంచి నీళ్ళు లాగే పైపునూ, వడగట్టిన నీళ్ళు తిరిగి పంపే పైపునూ తారుమారు చేశాను. ఊడదీసి మళ్ళీ బిగిస్తే వాషరు మరిచిపోయాను, అతుకు దగ్గర ధార కట్టింది. వాషరు వేస్తే క్లిప్పు వదులైంది. అమ్మ అంతా చూసి, "దుకాణంకు వచ్చినోళ్ళకు గూడ గిట్లనే చెప్తవార?" అని అడిగింది. ధర్మారావుగారు నవ్వు ఆపుకోలేక పిట్టగోడ వైపు తిరిగారు. చివరికి సజ్జ మీది కాగితం దించక తప్పలేదు.

మన బోరు సంగతి నీకు తెలుసు, తొట్టిని మాటిమాటికి నింపలేం. తాగే మంజీరా నల్లా నీళ్ళు దానికి పోస్తే గల్లీ అంతా మన మీదికి వస్తుంది. ఉన్న నీళ్ళనే వడగట్టుకుంటూ ఉండాలి. మోటరు తెరిచి జాలీ కడగాలంటే పైపు ఊడదీయాలి. పైపు ఊడదీసే ముందు తొట్టి కన్నానికి బిరడా పెట్టాలి, లేకపోతే నీళ్ళన్నీ డాబా పాలే. అంత ముఖ్యమైనవి కాబట్టి ఆ బిరడాలను వంటింట్లో నీ పోపుల డబ్బా పక్కన భద్రంగా పెట్టాను. ఇది గుర్తుపెట్టుకో, మళ్ళీ వస్తుంది.

నీ ఇల్లు గుట్ట మీద ఉందనీ, రోడ్డు నుంచి రాతిమెట్లు ఎక్కి రావాలనీ, "అత్తయ్య ఈ ఇల్లు ఎప్పటికీ చూడలేరేమో" అనీ రాశావు. అమ్మకు ఫోన్లో వినపడదు, అక్షరాలకు చూపు ఆనదు. ఆమె కబురు నీకు, నీ కబురు ఆమెకు నా నోటి మీదుగానే పోవాలి. నీ ఉత్తరం చదివి వినిపించేటప్పుడు ఆ వాక్యం దాటేశాను. అదొక్కటే కాదు, ఇంకొన్ని కూడా దాటేశాను. ఎందుకో చెప్తాను. నిన్న సాయంత్రం జరిగింది ముందు విను.

నువ్వు లేకుండా మన ఇంట్లో బతుకమ్మ ఎవరు పేరుస్తారనుకున్నావు? అమ్మే పేర్చింది. నేను మోండా మార్కెట్‌కు పోయి తంగేడు, గునుగు, బంతి తెచ్చాను. గునుగు తక్కువ తెచ్చానని తిట్లు తిన్నాను. సాయంత్రానికి గల్లీ ఆడవాళ్ళు వచ్చారు. అందరూ డాబా మీద చేరి బతుకమ్మ చుట్టూ తిరిగారు. ఆట ముగిశాక రాంనగర్ నుంచి నీ స్నేహితురాలు మహేశ్వరి కూడా వచ్చింది. తర్వాత టాంక్‌బండ్‌కు పోదామంటే ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దాకా బండ్లు ఆగిపోయి ఉన్నాయన్నారు, పైగా తుంపర మొదలైంది. అమ్మ తొట్టి వైపు చెయ్యి చూపించి, నీళ్ళు ఇంట్లనే ఉండంగ టాంక్‌బండ్ దాకా ఎందుకు అంది. పైపులో పూలు పడతాయమ్మా అని నేను మొత్తుకున్నాను. బతుకమ్మ పండుగనాడు మగవాడి మాట ఎవరు వింటారు? గౌరమ్మను తీసి, పాట పాడుతూ పూలన్నీ తొట్టిలో వదిలారు. చూడటానికి బాగుంది పద్మా. నీలం తొట్టి నిండా పసుపూ తెలుపూ.

మోటరు ఆపడం మరిచాను.

కాసేపటికి అది గురకపెట్టి ఆగింది. లాగే పైపు నిండా గునుగు, బంతి రేకులు. నేను కంగారులో పైపు ఊడబెరికాను. బిరడా వంటింట్లో ఉంది. అరచేయి కన్నానికి అడ్డం పెట్టి, ఎవరైనా కిందికి పోయి పోపుల డబ్బా పక్కన నల్ల బిరడా ఉంది తెండమ్మా అని కేక వేశాను. ఎవరూ కదలకముందే అమ్మ కదిలింది. రెయిలింగు పట్టుకుని మెట్లు దిగింది, వంటింట్లోకి పోయింది, బిరడా చేత పట్టుకుని మళ్ళీ మెట్లెక్కి వచ్చింది.

మహేశ్వరి నోరు తెరుచుకుని చూసింది. "పెద్దమ్మా, మీరు మెట్లు దిగి మళ్ల ఎక్కిన్రా? మీరు మంచం దిగుతలేరని పద్మక్క ఉద్యోగం తక్కువ చేస్కొని వస్తున్నదే" అంది.

అమ్మ నా దగ్గరికి వచ్చింది. నేను మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాను, చెయ్యి తీస్తే నీళ్ళు పోతాయి. ఆమె బిరడా ఇవ్వలేదు.

"ఉమా, నేను మంచం దిగుతలేనని నువ్వు చెప్పినవా?"

"ముందుగాల బిరడా ఇయ్యమ్మా."

"చెప్పినవా, లేదా?"

"చెప్పిన."

"ఎందుకు?"

గల్లీ ఆడవాళ్ళంతా చుట్టూ ఉన్నారు పద్మా, చేతుల్లో ఖాళీ తాంబాళాలతో. ఇంకేం చెప్పను. "వస్తదని చెప్పిన" అన్నాను. తలెత్తి అమ్మ ముఖం చూశాను. చెయ్యి జారింది.

తర్వాతి సంగతి నువ్వు ఊహించుకో. డాబా తూము గునుగు పూలతో మూసుకుపోయి ఉంది. నీళ్ళన్నీ మెట్ల మీదుగా కిందికి, ధర్మారావుగారి గుమ్మంలోకి. ఆయన తడిసిన ఆన్సరు పేపర్లు పట్టుకుని పైకి వచ్చి, నదులు దారి ఎందుకు మార్చుకుంటాయో పొద్దున్నే చెప్పి వచ్చాననీ, ఇంటికొచ్చి చూపించాల్సిన అవసరం లేదనీ అన్నారు. అంతా నవ్వారు. అమ్మ నవ్వలేదు.

ఇప్పుడు విను. పైపులు బిగించానని పైన రాశాను, ఎప్పుడు బిగించానో రాయలేదు. బోనాలకు ముందే బిగించాను. అమ్మ శ్రావణం నుంచి తన కాళ్ళతోనే డాబా ఎక్కుతోంది. రోజూ పొద్దున తొట్టిలో అంచు పట్టుకుని గుండ్రంగా నడుస్తుంది, ఈ మధ్య అంచు కూడా పట్టుకోవడం లేదు. నిన్న బతుకమ్మ చుట్టూ చప్పట్లు కొడుతూ తిరిగింది. నీకేమో ప్రతి ఆదివారం, పైపులు కుదరలేదు, అమ్మ ఇంకా నీళ్ళలో దిగలేదు, అట్లనే ఉంది అని చెప్పాను. ఆ సంగతి అమ్మకు తెలియకూడదనే నీ ఉత్తరాల్లో ఆ వాక్యాలు దాటేశాను.

మొదటిసారి చెప్పింది అబద్ధం కాదు. ఆ రోజు నిజంగానే పైపు కారుతోంది. నువ్వు "అయితే నేనే వచ్చేస్తానండీ" అన్నావు. ఆ పూట నేను రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను. పై ఆదివారానికి పైపు కారడం ఆగింది, అమ్మ నీళ్ళలో నాలుగడుగులు వేసింది. ఆ మాట చెప్దామనే ఫోన్ చేశాను. నువ్వు అమ్మ ఎలా ఉందని అడిగావు. బాగుందంటే ఇక రావు కదా అనిపించింది. అట్లనే ఉంది అన్నాను. ఒకసారి అన్నాక ప్రతి ఆదివారం అదే అనాల్సి వచ్చింది.

నువ్వు లేని ఇల్లు నాకు బాగాలేదు పద్మా. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఈ మాట నీతో ఎన్నడూ అనలేదు, అనాల్సిన అవసరం రాలేదు. దుకాణం మూసి వచ్చేటప్పుడు నారాయణగూడ బస్‌స్టాప్ దగ్గర ఇప్పటికీ స్కూటరు ఆపుతున్నాను. నువ్వు బస్సు దిగవని తెలుసు. వెనకవాళ్ళు హారన్ కొట్టేదాకా అక్కడే ఉంటాను. ఆ ప్రమోషన్ పరీక్షకు కుక్కర్ పక్కన పుస్తకం పెట్టుకుని నువ్వు చదవడం చూసినవాణ్ణి నేనే. మేనేజర్ అని నీ పేరున్న బోర్డు ఫోటో పంపితే దుకాణంలో అందరికీ చూపించినవాణ్ణీ నేనే. ఆ బోర్డు తీయించాలని చూసినవాణ్ణి కూడా నేనేనని రాయడానికి సిగ్గుగా ఉంది. నన్ను మన్నించు అని అడగను. నాలుగు తిట్లు రాసి పంపు, అవే చాలు.

ఆడవాళ్ళందరూ వెళ్ళిపోయాక అమ్మ నన్ను పిలిచి కూర్చోబెట్టింది. కేకలు వేస్తుందనుకున్నాను, వేయలేదు. "అది చదివి తెచ్చుకున్న కుర్చీ. నీకు తోడు లేదని దాన్ని లేవమంటవా? తోడు గావాల్నంటే నువ్వే లేచి పో" అంది. నా చేతిలో బిరడా పెట్టి, "నన్ను గూడ తీస్కపో" అంది.

కాబట్టి ఆ దరఖాస్తు చించెయ్యి. దీపావళి అయ్యాక మేమిద్దరం వస్తున్నాం. దుకాణం మన గుమాస్తా నగేష్ చూసుకుంటాడు, కౌంటర్లో నాకన్నా వాడే నయమని గిరాకీలు ఎప్పుడో తేల్చారు. చలి తగ్గేదాకా ఉండి వస్తామో, చలి ఎక్కువై పారిపోయి వస్తామో చూద్దాం. మహేశ్వరికి దండం పెట్టి, ఈ ఉత్తరం చేరేదాకా నీకేమీ చెప్పొద్దని బతిమాలాను. ఆమె మాట నిలబెట్టుకుంటే ఈ సంగతి నీకు మొదట చెప్పింది నేనే అవుతాను. ఆ ఒక్క మర్యాదైనా నాకు మిగలనీ.

ఒక్కటి మాత్రం నాకు అర్థం కావడం లేదు. పైపులమ్మి బతికేవాడికి ఇన్ని నెలలు రెండు పైపులు బిగించడం చేతకాలేదంటే నువ్వెట్లా నమ్మావు? నాలుగు పద్దులు చూసి పక్కింటి అబద్ధం కూడా పట్టేసే మనిషివి. నమ్మావా, నీకూ నమ్మాలనే ఉందా? జవాబు రాయకపోయినా ఫర్వాలేదు. వచ్చాక నీ ముఖం చూసి తెలుసుకుంటాను.

ఇట్లు,
నీ అబద్ధాల పెనిమిటి,
ఉమాకాంత్

తా.క. రాత్రంతా బోరు నడిపి తొట్టి మళ్ళీ నింపాను. అమ్మ పొద్దున్నే అందులో ప్లాస్టిక్ పీట వేయించుకుని, దాని మీదికి ఎక్కుతూ దిగుతూ ఉంది. నీ ఉత్తరంలో నేను దాటేసిన వాక్యం నిన్న చదివించుకుంది. నీ ఇంటికి మెట్లెన్నో రాయమంటోంది. తక్కువ చేసి రాయొద్దట. అబద్ధాలకు ఇంట్లో ఒకడు చాలట.